పరారుణ ఫైబర్ల పరిశోధనలోకి రావాలనుకునే హైదరాబాద్ విద్యార్థికి

ఈ రంగంలోకి రావాలనుకునే విద్యార్థి ఏ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టాలని అడిగే ముందు ఇంట్లోనే ఒక చిన్న ప్రయోగం చేసి చూడడం మంచిది. కరోనా రోజుల్లో ప్రతి దుకాణం గుమ్మం దగ్గరా నుదుటికి ఎక్కుపెట్టిన థర్మామీటరు ఇప్పటికీ చాలా ఇళ్లలో ఏదో ఒక అలమరలో పడి ఉంటుంది. దానిని వస్తువుల ఉష్ణోగ్రత చూపే పద్ధతిలో పెట్టి, పొగలు కక్కుతున్న ఇరానీ చాయ్ మీదికి గురిపెట్టి అంకె రాసుకోండి. తరువాత రెండింటి మధ్య కిటికీ అద్దపు ముక్క ఒకటి అడ్డం పెట్టండి. చాయ్ కంటికి స్పష్టంగా కనిపిస్తూనే ఉంటుంది గానీ థర్మామీటరు మాత్రం అద్దం ఎంత వెచ్చగా ఉందో అంతే చూపిస్తుంది. అద్దం తీసేసి, కూరగాయల కొట్టులో ఇచ్చే పల్చటి పాలిథీన్ సంచీని ఒక పొరగా పట్టుకుంటే, అవతలి వస్తువు సరిగా కనిపించకపోయినా అంకె తిరిగి చాయ్ వేడికి దగ్గరగా వస్తుంది. చాయ్ నుంచి వెలువడే ఉష్ణ వికిరణం 9 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం చుట్టూ అత్యధికంగా ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఆ కిరణాలకు కిటికీ అద్దం ఇటుక గోడతో సమానం. ఆ గోడను దాటించే దారం తయారుచేయడమే ఈ వృత్తి.

1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతి వర్ణపటంలో ఎరుపుకు ఆవల థర్మామీటరు పెట్టి పరారుణ కిరణాలను గుర్తించాడు. వాటిని గాజు తంతువులో నడిపించాలన్న ఆలోచనకు మాత్రం సుమారు ఆరు దశాబ్దాల వయసే ఉంది. టెలిఫోన్, ఇంటర్నెట్ సంకేతాలను మోసే సిలికా ఫైబరులో 1.55 మైక్రాన్ల దగ్గర నష్టం కిలోమీటరుకు సుమారు 0.2 డెసిబెళ్లు, అంటే పదిహేను కిలోమీటర్లు ప్రయాణించాక కూడా సగం కాంతి మిగిలి ఉంటుంది. అదే ఫైబరులోకి 2.5 మైక్రాన్లు దాటిన కాంతిని పంపితే కొద్ది మీటర్లలోనే ఆరిపోతుంది. సిలికాన్, ఆక్సిజన్ పరమాణువుల మధ్య బంధాల కంపనాలే ఆ కాంతిని మింగివేయడం దీనికి కారణం. పరమాణువులు బరువైనవైతే, బంధం సడలితే, కంపనాల పౌనఃపున్యం తగ్గి మింగుడు ఇంకా పొడవైన తరంగాలవైపు జరుగుతుంది. బరువైన గంట నెమ్మదిగా, మంద్రంగా మోగినట్టు. రెండో వైపు, పరిక్షేపణం, అంటే కాంతి గాజులో చెదిరిపోవడం, తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతానికి విలోమంగా తగ్గుతుంది. కిందికి దిగే ఈ పరిక్షేపణ రేఖ, పైకి ఎక్కే ఆ శోషణ రేఖ కలిసే చోట ఏర్పడే లోయ అడుగే ఆ పదార్థానికి అత్యల్ప నష్టం. ఏ గాజు గురించి ఎవరు చెప్పినా ఈ లోయ ఎక్కడ ఉంది, ఎంత లోతు ఉంది అన్న రెండు ప్రశ్నలు మొదట అడగడం అలవాటు చేసుకోండి.

ఈ గోడ దాటాలన్న తపన ఊరికే పుట్టలేదు. మీథేన్ 3.3 మైక్రాన్ల దగ్గర, కార్బన్ డయాక్సైడ్ 4.26 దగ్గర, కార్బన్ మోనాక్సైడ్ 4.6 చుట్టూ, నైట్రిక్ ఆక్సైడ్ 5.3 దగ్గర బలంగా శోషిస్తాయి. అంటే వాయువులు తమ వేలిముద్రలు వేసేది ఈ ప్రాంతంలోనే. నీరు 2.94 మైక్రాన్ల దగ్గర ఎంత గట్టిగా శోషిస్తుందంటే, అదే తరంగదైర్ఘ్యమున్న ఎర్బియం లేజరు కాంతి తడి కణజాలంలో ఒక మైక్రాన్ లోతుకు వెళ్లేసరికే చాలావరకు ఖర్చయిపోతుంది. చుట్టుపక్కల కాలకుండా కోయగలగడం అందువల్లే. 1964లో బెల్ ల్యాబ్స్‌లో మన దేశస్థుడు కుమార్ పటేల్ కనిపెట్టిన కార్బన్ డయాక్సైడ్ లేజరు 10.6 మైక్రాన్ల దగ్గర పనిచేస్తుంది. ఆ లేజరు వచ్చి అరవై ఏళ్లు దాటినా, దాని కాంతిని శస్త్రచికిత్స గదిలో రోగి దాకా తేవడానికి చాలాచోట్ల ఇప్పటికీ అద్దాలు బిగించిన కీళ్ల చెయ్యినే వాడుతున్నారు. సిలికా అంత నిశ్చింతగా వాడుకోగల ఫైబరు ఆ తరంగదైర్ఘ్యానికి ఇంకా రాలేదు.

పదార్థాన్ని ముందు ఎంచుకోండి

కొత్తగా వచ్చేవారు "నేను లేజర్లమీద పనిచేస్తాను" అని మొదలుపెడతారు. నా అభిప్రాయంలో ఇది తలకిందుల వరుస. ఏ తరంగదైర్ఘ్యం కావాలో తేలిన తరువాత దానిని మోయగల పదార్థం రెండు మూడింటికి మించి ఉండదు. ఆ పదార్థపు స్వభావమే మీ తరువాతి పదేళ్ల దినచర్యను నిర్ణయిస్తుంది. కనుక వాటి గుణదోషాలు కొంత వివరంగా తెలుసుకోవాలి.

మొదటిది ఫ్లోరైడ్ గాజు. 1970ల మధ్యలో ఫ్రాన్స్‌లోని రెన్ నగరంలో పూలాన్ సోదరులు, జాక్ లూకాస్ జిర్కోనియం ఫ్లోరైడ్ మీద పనిచేస్తూ అనుకోకుండా దీనిని కనుగొన్నారు. జిర్కోనియం, బేరియం, లాంథనం, అల్యూమినియం, సోడియం ఫ్లోరైడ్‌లు కలిసిన జెడ్‌బ్లాన్ ఈ కుటుంబంలో పెద్దది. దానిలో సగానికి పైగా జిర్కోనియం ఫ్లోరైడే. ఇది సుమారు 4 మైక్రాన్ల వరకు కాంతిని మోస్తుంది. సిద్ధాంతం ప్రకారం 2.5 మైక్రాన్ల ప్రాంతంలో దీని నష్టం సిలికా కంటే పది రెట్లకు పైగా తక్కువ ఉండవలసింది, కానీ ఆ అంకెను ఇంతవరకు ఎవరూ అందుకోలేదు. కారణం మన వంటగదిలో కనిపిస్తుంది. తీగపాకం పట్టే ఇల్లాలికి మంట ఒక్క నిమిషం తప్పితే పాకం పలుకు కట్టిపోతుందని తెలుసు. జెడ్‌బ్లాన్ కూడా అంతే. అది మెత్తబడడం 260 డిగ్రీల సెల్సియస్ చుట్టూ మొదలవుతుంది, మరో వంద డిగ్రీలు పెరిగేసరికి స్ఫటికాలు కట్టడం ప్రారంభిస్తుంది. ఆ ఇరుకు సందులోనే ఫైబరు లాగేయాలి. సిలికాను 2000 డిగ్రీల దగ్గర నిబ్బరంగా లాగే కొలిమిని చూసినవారికి ఈ ఫ్లోరైడ్ కొలిమి బొమ్మరిల్లులా కనిపిస్తుంది గాని, ఉష్ణోగ్రతను పట్టి ఉంచడంలో రెండోదే ఎక్కువ కష్టపెడుతుంది. స్ఫటికాలు కట్టడాన్ని గురుత్వాకర్షణ ప్రభావితం చేస్తుందన్న ఆలోచనతో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో సైతం జెడ్‌బ్లాన్ ఫైబరు లాగి చూశారు.

ఇక్కడ హైదరాబాద్ వారికి ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఉంది. ఫైబరు పనిచేయాలంటే లోపలి గర్భం కంటే పైతొడుగు వక్రీభవన గుణకం కొంచెం తక్కువ ఉండాలి. జెడ్‌బ్లాన్ తొడుగులో జిర్కోనియం కొంత తీసేసి హాఫ్నియం చేర్చడం ఇందుకు వాడే పద్ధతుల్లో ఒకటి. రసాయనికంగా ఈ రెండూ కవల పిల్లల్లాంటివి, ప్రకృతిలో కలిసే దొరుకుతాయి. హాఫ్నియం న్యూట్రాన్లను మింగేస్తుంది కనుక అణు రియాక్టరు గొట్టాల కోసం జిర్కోనియం నుంచి దానిని జాగ్రత్తగా వేరుచేయాలి. మౌలాలి వైపున్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ 1971 నుంచి చేస్తున్న పనుల్లో అది ఒకటి. ఒకరు వద్దని తీసేసేది మరొకరికి ముఖ్యమైన దినుసు అవుతుంది. పదార్థాల శాస్త్రం చదివేటప్పుడు ఇటువంటి ముడులు గుర్తుపెట్టుకుంటే ఏ విభాగం తలుపు తట్టాలో తెలుస్తుంది.

రెండోది చాల్కోజెనైడ్ గాజు: గంధకం, సెలీనియం, టెలురియంలను ఆర్సెనిక్, జెర్మేనియం వంటివాటితో కలిపి చేసేది. ఆర్సెనిక్ సల్ఫైడ్ అంటే విదేశీ పేరులా వినిపిస్తుంది కాని, ఆయుర్వేద వైద్యులూ పాతకాలపు చిత్రకారులూ వాడిన పసుపుపచ్చని హరితాళం రసాయనికంగా అదే. 1965లోనే, ఫైబర్ ఆప్టిక్స్ ఆద్యుల్లో ఒకరైన నరీందర్ సింగ్ కపానీ తన సహచరునితో కలిసి ఈ గాజు ఫైబర్ల గురించి ప్రచురించారు. సల్ఫైడ్ ఫైబరు 6 మైక్రాన్ల దాకా, సెలినైడ్ 9 దాకా, టెలురియం చేర్చినవి ఇంకా పైకి పనిచేస్తాయి. దీనిని గాలిలో కరిగించడానికి వీల్లేదు. శుద్ధి చేసిన మూలకాలను సిలికా గొట్టంలో పోసి, గాలి తీసేసి, మూతి కరిగించి మూసి, ఊగే కొలిమిలో గంటల తరబడి కలియబెట్టాలి. ఆక్సిజన్, హైడ్రోజన్ జాడలు మిలియన్‌లో కొన్ని వంతులు మిగిలినా నష్టరేఖ మీద గుట్టలు లేస్తాయి. గంధకంతో కలిసిన హైడ్రోజన్ సరిగ్గా 4 మైక్రాన్ల దగ్గర గుట్ట కడుతుంది. అందువల్ల ఈ రంగంలో రాణించే భౌతికశాస్త్రవేత్త సగం రసాయన శాస్త్రవేత్తగా మారవలసి వస్తుంది. దానికి మనసొప్పనివారు ఇక్కడే ఆగి ఆలోచించుకోవడం మేలు.

సిల్వర్ క్లోరైడ్, సిల్వర్ బ్రోమైడ్ మిశ్రమంతో చేసే ఫైబర్లు గాజు కావు, సూక్ష్మ స్ఫటికాల పోగులు. వాటిని కరిగించి లాగరు. వేడిచేసిన కడ్డీని జంతికల గొట్టంలో పిండిని నొక్కినట్టు సన్నని రంధ్రం గుండా నెడతారు. టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో అబ్రహం కట్జిర్ బృందం దశాబ్దాల పాటు దీనిని పెంచి పోషించింది. 10.6 మైక్రాన్లను మోయగలవు, వంగుతాయి, విషం కావు. కాని వెలుతురు సోకితే పాత ఫొటో ఫిల్ములా నల్లబడతాయి, మామూలు లోహపు కనెక్టర్లను తినేస్తాయి. నీలమణి ఫైబరు 2000 డిగ్రీల దాకా కరగదు కనుక కొలిమి లోపలి ఉష్ణోగ్రత కొలవడానికి, ఎర్బియం లేజరు శక్తిని మోయడానికి బాగుంటుంది, కాని గట్టిగా, మొండిగా ఉంటుంది, మూడున్నర మైక్రాన్లు దాటదు.

చివరిది బోలు గొట్టం. కాంతి గాలిలోనే నడుస్తుంది కనుక పదార్థపు శోషణ అనే సమస్యే చాలావరకు పోతుంది. సిలికా గొట్టం లోపల వెండి పూత పూసి, దానిమీద సిల్వర్ అయొడైడ్ పొర కట్టించే పద్ధతిని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ హ్యారింగ్టన్ బృందం అభివృద్ధి చేసింది. వీటిలో నష్టం రంధ్రపు వ్యాసార్ధపు ఘనానికి విలోమంగా ఉంటుంది. రంధ్రాన్ని సగానికి తగ్గిస్తే నష్టం ఎనిమిది రెట్లు అవుతుంది, వంచితే ఇంకా పెరుగుతుంది. అద్దంలాంటి లోహపు పూత లేకుండా పల్చటి గాజు గొట్టాల వలయంతోనే కాంతిని నిలబెట్టే కొత్త రకం బోలు ఫైబర్లు ఇప్పుడు వేగంగా ముందుకు వస్తున్నాయి. 2025లో సౌతాంప్టన్ బృందం టెలికాం తరంగదైర్ఘ్యంలో కిలోమీటరుకు 0.1 డెసిబెల్ కంటే తక్కువ నష్టం చూపించింది. కాంతి గాజును పెద్దగా తాకదు కనుక, ఆకృతి మారిస్తే సిలికాతో చేసిన ఇటువంటి ఫైబరే 4 మైక్రాన్ల దాకా కూడా పనికొస్తుంది. ఈ రోజు ఎంఎస్సీ పూర్తిచేస్తున్న విద్యార్థి నన్ను సలహా అడిగితే, చేతిపని ఇష్టమైతే చాల్కోజెనైడ్, గణన ఇష్టమైతే బోలు ఫైబర్లు అని చెబుతాను. ఫ్లోరైడ్ గాజును తయారుచేయడం ఒంటరి విద్యార్థికి తగిన పని కాదు. ఫైబరు కొనుక్కుని దానితో 2.8 మైక్రాన్ల ఎర్బియం ఫైబర్ లేజరు కట్టడం మాత్రం నాలుగేళ్లలో ముగించదగిన చక్కటి సమస్య.

నష్టాన్ని కొలవడం

అన్నిటికన్నా ముందు చేతికి రావలసిన విద్య ఇదే. దీనిని కత్తిరింపు పద్ధతి అనవచ్చు. ఫైబరు పూర్తి పొడవుతో చివర వచ్చే శక్తిని కొలవండి. ప్రవేశపు కొనను కదపకుండా, మూలం దగ్గర కొద్దిపాటి ముక్క మిగిలేలా ఫైబరును కత్తిరించి మళ్లీ కొలవండి. 5 మీటర్ల ఫైబరు చివర 40 మిల్లీవాట్లు, 1 మీటరు మిగిల్చి కోశాక 50 మిల్లీవాట్లు వచ్చాయనుకుందాం. 50ని 40తో భాగించి, ఆ ఫలితపు సంవర్గమానాన్ని పదితో గుణించి, తేడా పొడవైన 4 మీటర్లతో భాగిస్తే మీటరుకు సుమారు 0.24 డెసిబెళ్లు వస్తుంది. ఈ ఫైబరులో కాంతి పన్నెండు మీటర్లు దాటగానే సగమవుతుంది. టెలికాం ఫైబరుతో పోలిస్తే ఇది నవ్వులాటగా ఉంటుంది కాని, రెండు మీటర్ల లేజరు శస్త్రచికిత్స పరికరానికి సరిపోతుంది. ఏ పనికి ఎంత నష్టం భరించవచ్చో ముందే లెక్క కట్టుకున్నవారు అనవసరమైన శుద్ధికోసం ఏళ్లు ఖర్చుచేయరు.

రెండు సార్లు ఎందుకు కొలవాలి, లోపలికి పంపిన శక్తిని, బయటికి వచ్చినదానిని పోల్చి ఊరుకోవచ్చు కదా అని ప్రతి కొత్త విద్యార్థీ అడుగుతాడు. ఆర్సెనిక్ సల్ఫైడ్ వక్రీభవన గుణకం సుమారు 2.4. ఆ లెక్కన ఒక్కొక్క కొన దగ్గర 17 శాతం కాంతి వెనక్కి మళ్లుతుంది; రెండు కొనలు కలిసి దాదాపు మూడోవంతును గాజు తప్పు లేకుండానే తినేస్తాయి. సిలికాకు ఒక కొన దగ్గర పోయేది మూడున్నర శాతంలోపే కనుక అక్కడ అలవాటైన అజాగ్రత్త ఇక్కడ కుదరదు. కత్తిరింపు పద్ధతిలో ప్రవేశ నష్టం రెండు కొలతల్లోనూ ఒకటే కాబట్టి కొట్టివేతకు గురవుతుంది. అయితే తొడుగులోకి జారిన కాంతి కూడా చివరిదాకా వచ్చి మోసం చేస్తుంది. తొడుగుమీద కొంత దూరం గ్రాఫైట్ పూస్తే అది శోషించబడుతుంది.

నా మొదటి కొలతలో నష్టం ఋణాత్మకంగా వచ్చింది. అంటే పొట్టి ఫైబరు కంటే పొడవాటి ఫైబరు చివర ఎక్కువ కాంతి వచ్చింది. ఇంటర్ విద్యార్థి కూడా నమ్మని ఆ అంకెను మూడు రోజులు సమర్థించుకున్నాను, లేజరు ఊగిసలాట అన్నాను, డిటెక్టరు మీద నింద వేశాను. చివరికి సూక్ష్మదర్శినిలో చూస్తే రెండోసారి కోసిన కొన విరిగిన పలకలా గరుకుగా ఉంది. మెత్తని పరారుణ గాజును సిలికా కోసే యంత్రంతో, సిలికాకు పెట్టిన లాగుడు బలంతోనే కోశాను. అప్పటినుంచి ప్రతి కోతకూ కొన ఛాయాచిత్రం తీసి, ఒక పొడవుకు కనీసం మూడు కోతలు కోసి, వాటి మధ్య తేడాను లోపంగా రాయడం అలవాటయింది. ప్రచురించిన పత్రాల్లో లోపపు పరిమితి లేకుండా కనిపించే అందమైన నష్టపు అంకెలను అప్పటినుంచి అనుమానంగానే చూస్తున్నాను.

కొలిచే పరికరాల విషయంలో ఒక మాట. 1.1 మైక్రాన్లు దాటాక చౌకైన సిలికాన్ డిటెక్టర్లు పనికిరావు. పాదరసం, కాడ్మియం, టెలురియం కలిసిన డిటెక్టర్లలో సున్నితమైనవాటిని ద్రవ నైట్రోజన్‌తో 77 కెల్విన్‌కు చల్లబరచాలి. మీ విభాగానికి నైట్రోజన్ ఏ వారాల్లో వస్తుందో తెలుసుకుని ప్రయోగాలు దాని చుట్టూ అల్లుకోండి. ఆషాఢం దాటి వాన పట్టిన రోజుల్లో గాలిలోని తేమ రెండు విధాల దెబ్బ తీస్తుంది: వర్ణపటంలో నీటి ఆవిరి గీతలు పడతాయి, ఫ్లోరైడ్ ఫైబరు కొనలు తేమకు పాడవుతాయి. పొడి నైట్రోజన్ నింపిన పెట్టె లేకుండా ఆ నెలల్లో తీసిన కొలతలను చలికాలంలో మళ్లీ తీయవలసి రావచ్చు.

భద్రతను చివర చెబుతున్నా తేలికగా తీసుకోవద్దు. ఈ లేజర్ల కాంతి కంటికి కనపడదు. రెప్ప వేసే సహజ రక్షణ పనిచేయదు. 3 మైక్రాన్ల కాంతి కంటి పైపొరను, 2 మైక్రాన్ల లోపుది ఇంకా లోపలి భాగాలను గాయపరుస్తుంది, కనుక ఆ తరంగదైర్ఘ్యానికే నిర్దేశించిన కళ్లజోడు వాడాలి. ఆకుపచ్చ లేజరుకు కొన్నది పనికిరాదు. ఎర్రని మార్గదర్శక లేజరుతో అమరిక పూర్తి చేసి తరువాతే అసలు కాంతి తెరవాలి. ఫైబరు తునకలను అంటుకునే టేపుతో ఎత్తి మూత ఉన్న డబ్బాలో వేయాలి. ఆర్సెనిక్ గాజును తుడవడం, పాలిష్ చేయడం పొగగూటి కిందే జరగాలి, ఆ చేతులతో టిఫిన్ డబ్బా ముట్టకూడదు.

హైదరాబాద్‌లో దారి

డిగ్రీలో భౌతిక, రసాయన శాస్త్రాలు రెండూ ఉన్న గ్రూపు తీసుకోవడం మంచిది. పైన చెప్పినట్టు రసాయనం తరువాత అక్కరకు వస్తుంది. ఎంఎస్సీకి గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఉస్మానియా, సంగారెడ్డి జిల్లా కంది దగ్గరి ఐఐటీ ముందువరుసలో ఉంటాయి. ఐఐటీకి జామ్, కేంద్రీయ విశ్వవిద్యాలయానికి ప్రవేశ పరీక్ష రాయాలి. తరువాత పీహెచ్‌డీ ప్రవేశానికి నెట్, గేట్, జెస్ట్ పరీక్షలు మూడూ రాసి ఉంచుకోండి. నెట్‌లో జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ వస్తే 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000 రూపాయలు, అద్దె భత్యం అదనం. కోచింగ్ కేంద్రాల్లో ఈ పరీక్షలకు తయారయ్యే ఏడాదిలోనే కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి ఒక ఫొటోడయోడ్, రెండు ఆంప్లిఫయర్ చిప్పులు, టెలికాం పాచ్‌కార్డు కొనుక్కుని, టీవీ రిమోట్ వెలువరించే 940 నానోమీటర్ల కాంతిని ఫైబరులోంచి పంపి కొలిచే చిన్న సర్క్యూటు కట్టండి. ఇంటర్వ్యూలో ఆ పెట్టె బల్లమీద పెట్టిన అభ్యర్థితో జరిగే సంభాషణ వేరుగా ఉంటుంది.

ఈ నగరంలో కావలసినవన్నీ ఉన్నాయి గాని ఒకే కప్పు కింద లేవు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ గోపన్‌పల్లిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ కేంద్రంలోనూ అతివేగ లేజర్లు ఉన్నాయి. చర్లపల్లిలోని సీ-మెట్ కేంద్రం టెలురియం, జెర్మేనియం వంటివాటిని అతిశుద్ధంగా తయారుచేయడంలో నైపుణ్యం ఉన్నది. చాల్కోజెనైడ్ పనికి అంతకంటే దగ్గరి బంధువు లేదు. బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన కేంద్రం పరారుణానికి పారదర్శకమైన సిరామిక్కులమీద పనిచేస్తుంది. రక్షణ పరిశోధన సంస్థకు చెందిన రీసెర్చ్ సెంటర్ ఇమారత్ క్షిపణులకు దారి చూపే, లక్ష్యాన్ని వెతికే వ్యవస్థలను చూస్తే, అదే సంస్థకు చెందిన చెస్ అనే కేంద్రం అధికశక్తి లేజర్లను చూస్తుంది. 2025 ఏప్రిల్‌లో కర్నూలు దగ్గర పరీక్షించిన 30 కిలోవాట్ల లేజరు ఆయుధం చెస్ పనే. ఇక ఎర్బియం వంటి లాంథనైడ్‌లు చేర్చిన గాజుల వర్ణపట అధ్యయనంలో తిరుపతి, నాగార్జున విశ్వవిద్యాలయాలకు దీర్ఘకాల అనుభవం ఉంది. ఫైబరు లాగే గోపురం కోసం మాత్రం కోల్‌కతాలోని కేంద్ర గాజు, సిరామిక్ పరిశోధన సంస్థవైపు చూడడం మంచిది. గాజు ఒకచోట, కొలత ఒకచోట, ఫైబరు మరోచోట జరిగే పరిశోధనకు ముందుగా రాతపూర్వక సహకార ఒప్పందం ఉండాలి. లేకపోతే మూడో ఏడాది చివర పత్రంలో పేర్ల వరుస దగ్గర గొడవలు మొదలవుతాయి.

గైడును ఎంచుకునేటప్పుడు ప్రచురణల సంఖ్య కంటే ప్రయోగశాలను చూడండి. అక్కడి సీనియర్ విద్యార్థిని పక్కకు పిలిచి, కొలిమి చివరిసారి ఎప్పుడు వెలిగింది, పాడైన డిటెక్టరు ఎన్నాళ్లకు బాగయింది, చుట్టలమీద గాజు తేదీ, మిశ్రమం, లాగిన ఉష్ణోగ్రత రాసి ఉన్నాయా అని అడగండి. పేరు లేని ఫైబరు చుట్టలు బీరువా నిండా ఉన్న చోట మీకు కూడా అదే అలవాటవుతుంది. విదేశీ ఫైబరు కొనుగోలుకు, రక్షణ అవసరాలకూ పనికివచ్చే వస్తువు కనుక తుది వినియోగ ధ్రువీకరణ, కస్టమ్స్, ఇలా ఒకదాని వెంట ఒకటి వస్తాయి. పరిశోధనలో చేరిన మొదటి నెలలోనే ఆర్డరు పెట్టడం, అది వచ్చేలోపు టెలికాం ఫైబరుతో మొత్తం అమరికను నడిపి ఉంచడం తెలివైన పని.

సమస్య కోసం దూరం వెతకవలసిన అవసరం కూడా లేదు. జీడిమెట్ల, పాశమైలారం, జీనోమ్ వ్యాలీ ప్రాంతాల మందుల కర్మాగారాల్లో రియాక్టరులో చర్య ఎంతవరకు సాగిందో తెలుసుకోవడానికి నమూనా తీసి ప్రయోగశాలకు పంపి ఎదురుచూడడం ఇంకా సాధారణమే. సిల్వర్ హాలైడ్ ఫైబరు కొనకు చిన్న స్ఫటికాన్ని బిగించి ద్రవంలో ముంచితే, పదార్థం మారుతున్న కొద్దీ మధ్య పరారుణ వర్ణపటం మారడాన్ని బయట కూర్చుని చూడవచ్చు. ఇటువంటి పరికరాలు విపణిలో ఉన్నాయి, ఖరీదు ఎక్కువ. ద్రావకాల తాకిడికి, ఫైబరు వంపుకు సంకేతం తొణకడం వాటి పాత జబ్బు. ఆ తొణుకును తగ్గించే ఒక మంచి పద్ధతి కనిపెట్టిన విద్యార్థికి సిద్ధాంత గ్రంథమూ దొరుకుతుంది, ఉద్యోగమూ దొరుకుతుంది. మూత్రపిండాల రాళ్లను పొడిచేసే లేజర్లు మరో వైపు ఉన్నాయి: హోల్మియం 2.1 మైక్రాన్ల దగ్గర, థూలియం 1.94 దగ్గర, రెండూ తక్కువ తేమ గల సిలికా ఫైబరులోనే నడుస్తాయి కనుక కొత్త గాజు తయారీ అవసరం లేదు; కాలిపోయే కొన గురించి మాత్రం చేయవలసింది చాలా మిగిలి ఉంది.

డాక్టరేటు తరువాత విదేశానికి వెళ్లదలచుకుంటే ఫ్లోరైడ్ ఫైబర్ లేజర్లకు క్యూబెక్‌లోని లావాల్, గాజులకు రెన్, బోలు ఫైబర్లకు సౌతాంప్టన్, మెత్తని గాజులకు అడిలైడ్ మంచి చిరునామాలు. ఇక్కడే ఉండదలచినవారికి రక్షణ పరిశోధన సంస్థ, ఇండోర్‌లోని రాజా రామన్న కేంద్రం, వైద్య లేజరు కంపెనీలు, వర్ణపట పరికరాల సంస్థలు ఉన్నాయి. వీటిలో దేనికి దరఖాస్తు పెట్టినా, స్వయంగా కోసిన కొనల ఛాయాచిత్రాలూ, వాటి పక్కనే రాసిన నష్టపు అంకెలూ, వాటి లోపపు పరిమితులూ ఉన్న ప్రయోగ పుస్తకాన్ని వెంట తీసుకెళ్లండి.